రాక్షస వేషము, రంగులు

మన మెతుకుసీమలో చిందు భాగవతుల రాక్షసుని చూచి బెదరని బాలుడు అరుదు. దట్టమైన రంగును, కాటుక దిద్దిన కన్నులును ఆ భయమునకు మూలము. ఇంగ్లండున 1980 ప్రాంతమున యువజనులు చేపట్టిన గోథిక్ వేషము కూడ నిట్టిదే: తెల్లని ముఖము, నల్లని కన్నులు, రేగిన నల్లని జుట్టు.

పాఠశాల నాటకములకు మేమిట్లు చేయింతుము. ముఖమున కొబ్బరినూనె పలుచగ రాచి, మందుల అంగడి జింకు తెలుపు నద్దుదుము. కాటుకను రెప్పల వెలుపలనే దిద్ది, అంచులను వ్రేలితో చెరిపిన కన్నులు లోతుకు పోయినట్లు కానవచ్చును. నూనె లేని జుట్టును కొనలనుండి కుదుళ్లవైపునకు దువ్విన లేచి నిలుచును. తల్లులకు మాత్ర మిది రుచింపదు.

పూర్వపు వేషగాండ్రు పసుపు వన్నెకు వాడిన అరదళమున పాషాణము గలదు. సఫేదా యను పేరు జింకు తెలుపునకును, సీసపు తెలుపునకును చెల్లును, రెండవది విషము. తల్లిదండ్రులు విచారింపక కొనరాదు. ఆట ముగియగనే రంగును నూనెతో తుడిచి, పిదప సబ్బుతో కడుగవలయును.