నడిమి ఇంటి రాబడి

తెలంగాణ జిల్లాల తలసరి ఆదాయాల పట్టికలో రంగారెడ్డి పైన కూర్చుంటుంది. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల దానికి చాలా దూరంలో కనిపిస్తాయి. ఆ అంకె చూసి జగిత్యాల జిల్లా కోరుట్లలో ఓ మామూలు కుటుంబం ఎట్లా బతుకుతోందో చెప్పలేం. జిల్లా గడప లోపల జరిగిన ఉత్పత్తి విలువను జనాభాతో భాగిస్తే వచ్చేది అది. దుబాయి నుంచి కొడుకు పంపిన పైసలు అందులోకి రావు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని బతుకుదెరువును మూడు ముక్కల్లో చెప్పుకునే ప్రాంతానికి ఇది చిన్న లోటు కాదు.

మనకు కావలసింది మధ్యగతం. ఇళ్లన్నిటినీ రాబడి వరుసలో పెడితే సరిగ్గా నడుమ నిలిచే ఇంటి ఆదాయం. ఊహకు ఏడిళ్లు తీసుకోండి. ఆరిళ్లకు నెలకు 8, 10, 11, 13, 15, 20 వేలు వస్తాయి. ఏడో ఇంటాయనకు రైస్ మిల్లు ఉంది, 2 లక్షలు. సగటు 39 వేలు దాటుతుంది, కానీ ఆరిళ్లు దాని దరిదాపుల్లో లేవు. మధ్యగతం 13 వేలు. మిల్లు లాభం రెట్టింపైనా అది కదలదు.

లెక్క ఇంత తేలికైతే చిక్కెక్కడ? అడగడంలో. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే తొలి దశాబ్దాల్లోనే ఆదాయం అడిగి చూసింది. జనం చెప్పిన రాబడి, వాళ్ల ఖర్చూ పొదుపూ కలిపిన మొత్తం కంటే తక్కువ తేలింది. అందుకే ఖర్చు అడగడమే ఆనవాయితీ అయింది. 2023-24 సర్వే ప్రకారం తెలంగాణ పల్లెల్లో మనిషికి నెల ఖర్చు సగటున 5,435 రూపాయలు. అయితే ఖర్చు రాబడి కాదు. అప్పు తెచ్చి చేసిన పెళ్లీ ఖర్చే.

సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిపే ఆసామిని నెలకు ఎంతొస్తుందని అడిగితే, నూలిచ్చి నేయించే సేటు ఇచ్చిన కూలి మొత్తం చెప్తాడు. అందులోంచి కరెంటు బిల్లు, కార్మికుడి కూలి, మరమ్మతు తీసేస్తేనే ఆయన రాబడి. పైగా ఏ నెల గురించి అడిగామన్నదీ ముఖ్యమే. 2017 నుంచి 2023 దాకా ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చిన నెలలు వేరు, సాంచాలు ఆగిన నెలలు వేరు. కోరుట్ల వైపు ఒకే ఇంట్లో వరి పైసలు పంటకోసారి, బీడీల కూలి వెయ్యికింతని, గల్ఫ్ పైసలు అక్కడున్నాయన పంపినప్పుడు వస్తాయి. ఏడాది మొత్తం అడగాలి. ఏడాది మొత్తం ఎవరికీ గుర్తుండదు.

అసలు ఇల్లంటే ఎవరు? ఒకే పొయ్యి మీద వండుకుని కలిసి ఉండేవాళ్లని సర్వేల నిర్వచనం. రెండేళ్లుగా మస్కట్‌లో ఉన్నాయన ఆ లెక్కలో లేడు, ఆయన పంపేది మాత్రం ఉంది. వీసా కోసం చేసిన అప్పు పైసలు నేరుగా అప్పిచ్చినాయనకే పంపితే, ఆ సొమ్ము ఇంటి రాబడిలో కనబడకపోవచ్చు. నాకు అన్నిటికంటే బరువైన సమస్య ఇదే అనిపిస్తుంది. అడిగే రోజును బట్టి కూడా ఇల్లు మారుతుంది. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే చేసినప్పుడు, పేరు పోతుందేమోనని ముంబై, భివండీల నుంచి జనం బస్సులెక్కి వచ్చారు.

కాలం వెంట పోల్చడం ఇంకో మెట్టు. 2016 అక్టోబరు 11 దాకా జగిత్యాల, సిరిసిల్ల రెండూ కరీంనగర్ జిల్లాలోవే. 2011లో ఆ జిల్లా జనాభా దాదాపు 38 లక్షలు. దాని పాత అంకెను జగిత్యాల కొత్త అంకె పక్కన పెట్టలేం. మండలాల వారీగా మళ్లీ పేర్చుకోవాలి. తర్వాత ధరలు. దేశంలో వ్యవసాయ కుటుంబం నెల ఆదాయం 2012-13లో సగటున 6,426 రూపాయలు, 2018-19లో 10,218. చూడ్డానికి 59 శాతం పెరుగుదల. ధరల పెంపు తీసేస్తే అందులో సగానికి పైగా పోతుంది.

జిల్లాకు దొరికే నమూనా ఇళ్లు కొన్నే కాబట్టి అంచనా ఊగుతుంది. దీనికి అమెరికాలో ఫే, హెరియట్ అనే గణాంకవేత్తలు 1979లో దారి చూపారు. వెయ్యి మంది కూడా లేని ఊళ్ల ఆదాయం అంచనా వేయడానికి, ఆ ఊరి చిన్న నమూనాను పన్నుల రికార్డులు, ఇళ్ల విలువల నుంచి వచ్చిన అంచనాతో కలిపారు. నమూనా ఎంత బలహీనమైతే రెండోదానికి అంత బరువు. అక్కడి కౌంటీల మధ్యగత ఆదాయాన్ని నేటికీ ఈ తరహా పద్ధతితో అంచనా కడతారు.

మన దగ్గర ఆ ఆసరా గట్టిది కాదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. బీడీలు చుట్టే ఆమె రిటర్ను వేయదు. ఇంటి విలువ చూద్దామంటే, గల్ఫ్ పైసలతో కట్టిన డాబా, కట్టినాయన పని పోయి తిరిగొచ్చాక కూడా డాబానే. 2020లో కరోనా వేళ అలా తిరిగొచ్చినవాళ్ల ఇళ్లు బయటి నుంచి చూస్తే ఏమీ మారలేదు.

దేశమంతటా కుటుంబ ఆదాయ సర్వేను 2026లో మొదలుపెడతామని కేంద్ర గణాంక శాఖ 2025లో ప్రకటించి, సుర్జీత్ భల్లా అధ్యక్షతన నిపుణుల బృందాన్ని వేసింది. ఆ ప్రశ్నావళిలో పరాయి దేశం నుంచి ఎంత వచ్చిందన్న ప్రశ్న పక్కనే, వీసా అప్పు ఎంత, దాన్ని ఎవరు ఎక్కడి నుంచి కడుతున్నారు అన్నదీ ఉంటేనే కోరుట్ల, దాని పక్కనున్న మెట్‌పల్లి ఇళ్లు వరుసలో తమ చోట నిలబడతాయి.