వార్తల్లో పదం: ఫైటేజ్

చేపల మేత ప్రకటనల్లో, ఆక్వా వార్తల్లో తరచూ తగులుతున్న పేరిది. ఫైటేజ్ అంటే ఫైటిక్ ఆమ్లాన్ని విడగొట్టే ఎంజైమ్. 1907లో జపాన్ శాస్త్రవేత్త సుజుకి బృందం దీన్ని మొదట తవుడులో గుర్తించింది.

తవుడు, చెక్క, సోయా మేతల్లో భాస్వరానికి కొదవ లేదు. కాకపోతే ఎక్కువ భాగం ఫైటేట్‌గా బిగుసుకుని ఉంటుంది. జింకు, కాల్షియంలనూ పట్టి ఉంచుతుంది. దాన్ని విడగొట్టే శక్తి చేపలకు దాదాపు లేదు.

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో చిల్లుల సంచుల్లో నూనె తీసిన తవుడు నింపి గెడలకు కడతారు. శీలావతి, బొచ్చె ఆ చిల్లుల్లోంచే పీక్కు తింటాయి. అరగని భాస్వరం పెంట ద్వారా నీళ్లలో కలుస్తుంది. దాంతో నాచు పెరిగి నీరు చిక్కటి పచ్చగా మారుతుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఈ బెడద రైతులకు చెప్పక్కర్లేదు. ఫైటేజ్ పనిచేస్తే భాస్వరం చేప ఎముకలకు చేరుతుంది, చెరువులోకి పోయేది తగ్గుతుంది.

పనిచేస్తే అనడానికి కారణం ఉంది. చాలా రకాల ఫైటేజ్‌లకు ఆమ్ల వాతావరణం కావాలి. శీలావతి, బొచ్చెలకేమో జీర్ణాశయమే లేదు, ఆమ్లమూ ఊరదు. అందుకే పరిశోధకులు శీలావతి మేతలో సిట్రిక్ ఆమ్లం జోడించి చూశారు. వేడీ ఫైటేజ్‌కు గిట్టదు. గుళికల మేత తయారీలో ఆవిరి తగిలితే చాలావరకు చచ్చుబడుతుంది. గుళికలు చల్లారాక పైన పిచికారీ చేయడం ఒక దారి. బస్తా మీద ఫైటేజ్ అని కనిపిస్తే, ఎన్ని యూనిట్లు, ఏ దశలో కలిపారు అని అడగాలి.