'ఖోల్ దో' కొసమెరుపు కథేనా?

సాదత్ హసన్ మంటో 'ఖోల్ దో' కథను కొసమెరుపు కథల కోవలో చేర్చేవారున్నారు. విద్యార్థులకు నేనూ చాలాకాలం అలాగే చెప్పాను. ఇప్పుడా అంచనాతో నాకే పేచీ.

ఈ కథ 1948లో వెలువడింది. దీన్ని ప్రచురించినందుకు లాహోరులోని 'నుఖూష్' పత్రికను ప్రభుత్వం ఆరు నెలలు నిలిపివేసింది. ఇతివృత్తం చిన్నది. దేశవిభజన కల్లోలంలో అమృతసర్ నుంచి బయలుదేరిన రైలు ఎనిమిది గంటల తర్వాత మొగల్‌పురా చేరుతుంది. కాందిశీకుల శిబిరంలో కళ్లు తెరిచిన సిరాజుద్దీన్‌కు కూతురు సకీనా కనిపించదు. భార్య చావు గుర్తుంది. కూతురు ఎక్కడ విడిపోయిందో గుర్తులేదు. జేబులో ఆమె దుపట్టా మాత్రం ఉంది. పారిపోతున్నప్పుడు అది జారిపడితే, వదిలెయ్యమని ఆ పిల్ల అరుస్తున్నా, వంగి తీసుకున్నాడు. గుడ్డ దక్కింది, పిల్ల దక్కలేదు.

లారీ, తుపాకులు ఉన్న ఎనిమిది మంది యువకులు ఆమెను వెతికి తెస్తామంటారు. పరాయివాళ్లు కారు, సొంత మతంవాళ్లే. కథనంలో కీలకం ఇక్కడే ఉంది. అంతవరకు తండ్రి వెంటే ఉన్న కథకుడు, అతన్ని శిబిరంలో వదిలి లారీ వెంట వెళతాడు. వాళ్లకు సకీనా దొరకడం మనం చూస్తాం. పాలు ఇస్తారు. దుపట్టా లేక చేతులు అడ్డం పెట్టుకుంటున్న పిల్లకు ఒకడు తన కోటు ఇస్తాడు. కథకుడు మళ్లీ శిబిరానికి వస్తాడు. రోజుల తర్వాత తండ్రి అడిగితే, కనుక్కుంటామని వాళ్లంతా ఒకే మాటగా అంటారు.

అబద్ధమని తండ్రికి తెలియదు. మనకు తెలుసు. మధ్య రోజుల్లో జరిగినదాన్ని కథకుడు ఒక్క వాక్యంలోనూ చెప్పడు. చెప్పవలసిన పనీ లేదు. కొసమెరుపు కథకుడు సాక్ష్యాన్ని చివరిదాకా దాస్తాడు. మంటో కథ నడుమనే పాఠకుడి చేతికిచ్చాడు. అత్యాచారాన్ని పేజీలకు పేజీలు వర్ణించి, పైన ఒక ఉపన్యాసం చేర్చే మన కథకులు ఈ ఖాళీని ఒకసారి పరిశీలించాలి.

ఇక ముగింపు. ఆసుపత్రిలో డాక్టరు తెరవమన్నది కిటికీని. ఆ మాట విని, దాదాపు శవంలా పడివున్న పిల్ల చేతులు సల్వారు బొందు విప్పుతాయి. తండ్రి చూసింది కదలికనే. బిడ్డ బతికే ఉందని ఆనందంతో కేక వేస్తాడు. నన్ను కలవరపెట్టేది ఆ చేతులకన్నా ఈ కేక. అందులో అబద్ధం లేదు, బిడ్డ నిజంగానే బతికి ఉంది. డాక్టరుకు అర్థమై ఒళ్లంతా చెమట పడుతుంది. కథకుడు ఎవరినీ నిందించడు, ఎవరినీ ఓదార్చడు. ఆ గదిలో మనం నిలబడి ఉన్నది డాక్టరు పక్కనే.