చట్టం రాసేదెవరు? చదివేదెవరు?

మన సంఘం నియమావళిని సవరించే పని కిందటేడాది కార్యవర్గం నాకు అప్పగించింది. న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కాను. “చాట్ జీపీటీని అడగరాదూ, నాన్నా” అన్నాడు మా అబ్బాయి. అడిగాను. కాఫీ తాగి కప్పు కింద పెట్టేలోగా 12 పేజీలు సిద్ధం! చక్కని ఇంగ్లీషు, వరుస తప్పని అంకెలు. మురిసిపోయాను.

ఇది నా ఒక్కడి ముచ్చట కాదు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రి నగరసభ సభ్యుడు రమీరో రొజారియో 2023లో ఇదే పని చేశాడు. నీటి మీటరు దొంగలెత్తుకుపోతే, కొత్తదాని ఖర్చు ఇంటివారి నెత్తిన వేయరాదని బిల్లు రాసిపెట్టమన్నాడు. యంత్రం రాసింది. పైగా, 30 రోజుల్లో కొత్త మీటరు పెట్టకపోతే నీటి పన్ను కట్టనక్కరలేదని, ఆయన అడగని షరతు కూడా తనే సూచించింది! 36 మంది సభ్యుల సభ బిల్లును ఏకగ్రీవంగా ఆమోదించింది. రాసిందెవరో ఆయన ఆ తర్వాతే బయటపెట్టాడు. ముందే చెబితే ఓటుకైనా పెట్టేవారు కారన్నది ఆయన వాదన. సభాధ్యక్షుడు మొదట ఇది ప్రమాదకరమైన పోకడ అన్నాడు, తర్వాత మెత్తబడ్డాడు.

2025 ఏప్రిల్‌లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ మంత్రివర్గం ఈ పనికి ఏకంగా ఒక కార్యాలయాన్నే ఆమోదించింది. చట్టాలనూ, కోర్టు తీర్పులనూ, ప్రభుత్వ సేవలనూ కృత్రిమ మేధతో ముడిపెట్టి, ఏ చట్టం ఎలా నడుస్తోందో గమనించి, సవరణలు సూచించడం దాని పని. చట్టం తయారయ్యే సమయం 70 శాతం దాకా తగ్గుతుందని వారి అంచనా. మనవాళ్ళు ఎందరో కష్టపడి పనిచేసుకునే దేశమది. అక్కడి చట్టంలో ఒక్క మాట అటూ ఇటూ అయితే, కరీంనగర్‌లో ఏదో ఒక ఇంట పొయ్యి వెలగదు.

ఇక నా 12 పేజీల సంగతి. ఆ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో అందరికీ తెలుగులో చదివి వినిపించాను. “కుటుంబ సభ్యత్వం అంటే భార్య, భర్త, 18 ఏళ్ళలోపు పిల్లలు” అన్న చోట అమ్మ చెయ్యి ఆగిపోయింది.

“ఏరా, మరి నేను మీ సంఘంలో లేనా?”

ప్రతి ఉగాదికీ మనందరికీ పచ్చడి కలిపే మనిషి! అమెరికా కాగితాల్లో కుటుంబమంటే సాధారణంగా అంతే. యంత్రం అదే రాసింది. తప్పు దానిది కాదు. మూడుసార్లు చదివి కూడా నేను గమనించలేదు.

వాక్యం కూర్చే శ్రమ యంత్రానికి వదిలేద్దాం. ఆ వాక్యానికి బయట ఎవరు మిగిలిపోయారో చూసుకోవలసింది మాత్రం మనమే.

సరిదిద్దిన ముసాయిదా ఈసారి సర్వసభ్య సమావేశంలో మీ ముందుకు వస్తుంది. దయచేసి, ఇంట్లో పెద్దవాళ్ళకు ఒకసారి వినిపించి మరీ రండి.