ఎకో పెట్టెలో పద్యం

పద్యనాటకంలో నటుడు స్టేజి ఎక్కగానే దేవుణ్ణి తలుచుకుంటాడో లేదో గాని, మైకుసెట్టు కుర్రాడి వైపు చూసి చెయ్యి మాత్రం గాలిలో తిప్పుతాడు. "ఎకో పెట్టు నాయనా" అని దాని అర్థం. ఆ కోరిక తీర్చే పెట్టె కుర్రాడి పక్కనే వుంటుంది. పందొమ్మిది అంగుళాల వెడల్పు, రెండంగుళాలైనా లేని ఎత్తు. ముఖాన కొన్ని బొత్తాలు, ఒకటి రెండు నాబులు, మినుకుమినుకుమనే దీపాలు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి దీనితో ఏం పని అంటారా? వెనక వరస శ్రోతకు పద్యం అందేదీ అందనిదీ ఇప్పుడు దాని దగ్గరే తేలుతోంది. అందుకే నాలుగైదు నాటకాలకు ఆ కుర్రాడి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

పూర్వం ఇంత చిన్న పెట్టెతో అయ్యే పని కాదిది. 1957లో వచ్చిన జర్మనీ యంత్రం ఇ.ఎం.టి. 140లో రెండు మీటర్ల పొడవున్న ఉక్కురేకును చట్రంలో బిగించి కంపింపజేసేవారు. దాన్ని మోయడానికే నలుగురు కావాలి! అంకెల లెక్కతో ప్రతిధ్వనిని పుట్టించిన ఇ.ఎం.టి. 250 వచ్చింది 1976లో. 1985లో యమహావారి ఎస్.పి.ఎక్స్. 90 వచ్చింది. పుట్టుకతో 30 రకాల ధ్వనులు, మనం దాచుకోవడానికి 60 అరలు. ఇలాంటి పెట్టెలతోనే ఈ విద్య చిన్న చిన్న స్టేజీల దాకా దిగింది.

ఇక ముఖం సంగతి. లోపలికి వచ్చే గొంతును కొలిచే దీపాల వరసలో చివరిది ఎరుపు. వచ్చిన ధ్వనిని యంత్రం అంకెలుగా మారుస్తుంది. 16 బిట్ల యంత్రమైతే ఉన్నవి 65,536 మెట్లు. గొంతు ఆఖరి మెట్టు దాటిందా, అల తల నరికినట్టు తెగిపోతుంది. పాత టేపు కాస్త ఓర్చుకునేది, అంకెలకు ఆ ఓర్పు లేదు. అప్పుడు బయటికి పంపే నాబు తగ్గిస్తే తెగిన ధ్వని చిన్నగా వినిపిస్తుందే గాని అతుక్కోదు. తగ్గించవలసింది లోపలికి తెచ్చే నాబును.

మధ్యనున్న చిన్న తెరమీద సెకన్లు కనబడతాయి. ధ్వని శక్తి పదిలక్షలో వంతుకు తగ్గడానికి పట్టే కాలమది. అసలు చిక్కంతా ఇక్కడే. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు. ప్రతి అక్షరం తోక రెండున్నర సెకన్లు ఈడుస్తూ వుంటే వెనకటిది ముందుదాని మీద పడుతుంది. సంయుక్తాక్షరాలు ముద్దైపోతాయి, యతిస్థానం ఎక్కడుందో బ్రహ్మకైనా తెలియదు. అయితే పాదం చివర రాగం తీసేటప్పుడు అదే తోక ఎంత హాయి! ప్రీ డిలే అని మరొక అంకె వుంది. దాన్ని ముప్ఫై నలభై మిల్లీసెకన్లు పెడితే మాట ముందు, ప్రతిధ్వని వెనక వస్తాయి. మాటకు మర్యాద దక్కుతుంది.

బైపాస్ దీపం కథ మరీ తమాషా. అది వెలిగిందంటే ఎకో పోయిందని. ఓ రాత్రి కుర్రాడి వేలు తగిలి అది వెలిగింది. శ్రీకృష్ణ పాత్రధారి దీపాన్ని చూసి, "ఆఁ, ఇప్పుడు పడిందిరా ఎకో!" అని పొంగిపోయాడు. గొంతు నిజంగానే కాస్త పెద్దదైంది లెండి. మామూలు ధ్వని నేరుగా ఒకమారు, పెట్టెలోంచి మరొకమారు మిక్సరులో కలిసింది మరి. ఆ పద్యం ప్రతి మాటా వెనక వరసకు వినబడింది.

"చూశారా మాష్టారూ, తీసేసినా పెట్టినట్టే వుందాయనకి" అన్నాడు కుర్రాడు.

"పాదం నడిచేటప్పుడు తగ్గించి, రాగం అందుకోగానే పెంచలేవటోయ్?" అన్నాను.

"పెంచచ్చు గానీ, రాగం ఎప్పుడందుకుంటాడో నాకెలా తెలుస్తుందండీ?"

అది న్యాయమైన ప్రశ్నే. మరుసటి నాటకానికి పద్యాల పుస్తకం పట్టుకెళ్ళి, పాదం ముగియబోతూ వుండగా అతని భుజం తట్టడం మొదలుపెట్టాను. మూడో రంగం వచ్చేసరికి, నేను తట్టకముందే అతని వేలు నాబు మీద వుంది.