ఊరి పనే అర్హత

ప్రజాసేవలోకి రావాలనుకునే వారికి దేశవిదేశాల ప్రభుత్వాలు పీజీ స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాయి. నంద్యాల, ఆళ్లగడ్డ యువత వాటిని ఎలా అందుకోవాలి?

బ్యాంకు పరీక్షల కోచింగ్ అనగానే తెలుగువాళ్లకు నంద్యాల గుర్తొస్తుంది. గడియారం ముందు పెట్టుకుని లెక్కలు చేయించడంలో ఈ ఊరిది అందెవేసిన చెయ్యి. అయితే కీ పేపర్ లేని పోటీ ఇంకొకటి ఉంది. ‘నలుగురి కోసం ఇప్పటిదాకా ఏం చేశావు? రేపు ఏం చేస్తావు?’ అని అడుగుతుందది. జవాబుకు కావలసిన సరుకంతా మన పల్లెల్లోనే ఉంది.

ఏవి? ఎవరికి?

బ్రిటన్ ప్రభుత్వం 1983లో మొదలుపెట్టిన చీవెనింగ్ స్కాలర్‌షిప్, ఏడాది మాస్టర్స్ చదువుకయ్యే ఖర్చు భరిస్తుంది. రెండేళ్ల పని అనుభవం, అంటే 2,800 గంటలు, చూపాలి. అమెరికాలో చదువుకు ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు మూడేళ్ల అనుభవం కావాలి. ప్రభుత్వ పాలన, ప్రజారోగ్యం, పర్యావరణం, పట్టణ ప్రణాళిక వంటివి అందులో చదవొచ్చు.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీలకు, సంచార జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీలకు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకు ఉద్దేశించింది. వయసు 35 లోపు, డిగ్రీలో 60 శాతం మార్కులు, కుటుంబ వార్షికాదాయం రూ.8 లక్షలలోపు ఉండాలి. ఉలి పట్టిన ఆళ్లగడ్డ శిల్పుల ఇళ్లకు ఈ కబురు తప్పక చేరాలి. నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి అధికారిక ప్రకటన చూశాకే దరఖాస్తు పెట్టాలి.

కట్టమంచి చూపిన దారి

రాయలసీమకు ఇలా స్కాలర్‌షిప్‌తో చదువుకోవడం కొత్త కాదు. చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి 1902లో ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో కేంబ్రిడ్జి వెళ్లారు. తిరిగొచ్చి మైసూరు సంస్థానంలో విద్యారంగానికి సేవ చేశారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఒక్క కుర్రాడి చదువు మీద పెట్టిన డబ్బు వేలమంది చదువుకు ఉపయోగపడింది.

ఇక మన నంద్యాల 1977లో నీలం సంజీవరెడ్డిని లోక్‌సభకు పంపింది. ఆ ఏడే ఆయన రాష్ట్రపతి అయ్యారు. 1991 ఉప ఎన్నికలో ప్రధాని పి.వి.నరసింహారావును గెలిపించింది. ఇద్దరూ వేరే జిల్లాల వారే. అంతటివారిని గెలిపించిన నేల తన బిడ్డలనూ ఆ స్థాయికి తీర్చిదిద్దుకోవాలి.

ఏం రాయాలి?

‘చిన్నప్పటి నుంచి నాకు ప్రజాసేవ అంటే ఇష్టం’ అని ఎవరైనా రాయగలరు. కర్నూలు-కడప (కేసీ) కెనాల్ చివరి ఆయకట్టుకు నీళ్లెందుకు అందడం లేదో రైతులతో తిరిగి లెక్క రాసి, అధికారుల ముందు పెట్టినవాళ్లు రాసేది వేరుగా ఉంటుంది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో పనిచేసే యువతకు ఎవరి పింఛను ఎందుకు ఆగిందో, ఏ కాగితం ఎక్కడ చిక్కుకుందో తెలుసు. ఆ అనుభవమే వాళ్ల బలం.

సమస్య ఏమిటి, నేనేం చేశాను, ఏం మారింది, మారనిది ఏమిటి, దాన్ని మార్చడానికి ఏం చదవాలి: ఈ వరసలో రాయండి. ఇంగ్లిష్ భయముంటే ముందు తెలుగులో రాసుకోండి. విషయం కుదిరాక భాష సరిచేసుకోవచ్చు. సిఫారసు లేఖ కోసం పెద్ద పదవుల వెంట తిరగొద్దు. మీ పని కళ్లారా చూసిన లెక్చరరో, పై అధికారో రాసిన నాలుగు మాటలకే విలువ ఎక్కువ. చీవెనింగ్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టులో మొదలవుతాయి. వేసవిలోనే సిఫారసు రాసేవాళ్లను అడిగి పెట్టుకోండి.

కాలేజీల బాధ్యత

ఈ పని పిల్లల మీదే వదిలేయకూడదు. ప్రతి డిగ్రీ కాలేజీలో ఒక అధ్యాపకుడు గడువుల పట్టిక పెట్టుకుని, వ్యాసాలు చదివి, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేయాలి. చదువు ముగిశాక కనీసం రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్నది చీవెనింగ్ షరతు. అలా తిరిగొచ్చిన వాళ్లకు మన పంచాయతీల్లో, ఆస్పత్రుల్లో, కాలువల మీద చేయాల్సిన పని చాలా ఉంది. అలాంటి వాళ్లను చదువుకు పంపే పూచీ ఇప్పుడు కాలేజీలు తీసుకోవాలి.