ఎర్ర లైటు వెలిగేదాకా ఆగొద్దు

రెంటచింతల ఎండ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మే నెల మధ్యాహ్నం మాచర్లలో బయల్దేరి గురజాల, పిడుగురాళ్ళ మీదుగా నరసరావుపేట చేరి, బండి ఆపకుండా ఐడ్లింగులో ఉంచారనుకోండి. ఇంజనుకు అసలు పరీక్ష అప్పుడే. ఆయిలు కాగి పల్చబడి ఉంటుంది, పంపు నెమ్మదిగా తిరుగుతుంటుంది. క్రాంకు బేరింగులకు అందే ఒత్తిడి ఎంతో అప్పుడు తెలియాలి.

ఆయిలు లైటు ఉందిగా, ఒత్తిడి చూపే మీటరెందుకని నా షెడ్డుకు వచ్చేవాళ్ళు అడుగుతుంటారు. చాలా బళ్ళలో ఆ లైటు వెలిగేది ఒత్తిడి 5, 7 పౌండ్లకు పడిపోయాకే. 40 నుంచి 15కి దిగినా అది నోరు మెదపదు. పాత జీపులకు మీటరు కంపెనీవాళ్ళే పెట్టి ఇచ్చేవారు. ఇప్పటి కార్లలో చాలావాటికి లైటే గతి.

మీటర్లు రెండు రకాలు. పైపు మీటరులో ఇంజను ఆయిలే సన్నటి గొట్టంలోంచి డాష్‌బోర్డు దాకా వస్తుంది. లోపల వంచిన ఇత్తడి గొట్టం ఉంటుంది. కోటప్పకొండ తిరునాళ్ళలో పిల్లలు ఊదే కాగితపు పీక ఊదగానే చాపుకుంటుంది చూడండి, ఒత్తిడికి ఈ గొట్టమూ అలాగే విచ్చుకొని ముల్లును తిప్పుతుంది. ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ బూర్డన్ 1849లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. జీపుకు నేను ఇదే పెడతాను, రాగి గొట్టంతో. నైలాను గొట్టం వేడి సైలెన్సరుకు తగిలితే కరుగుతుంది. కారులో మాత్రం కాళ్ళ దగ్గర వేడి ఆయిలు కారే భయం ఎందుకు? రెండో రకమైన కరెంటు మీటరు తీసుకోండి. ఇంజనుకు బిగించే సెండరు ఒత్తిడిని వైరు ద్వారా దానికి చెబుతుంది.

అయితే మీటరు ఒకచోట, సెండరు ఒకచోట కొనొద్దు. ఒక రకం సెండరు 10 ఓముల దగ్గర మొదలై ఒత్తిడి పెరిగేకొద్దీ 180కి ఎక్కుతుంది. ఇంకో రకం 240 నుంచి 33కి దిగుతుంది. మొదటి సెండరును రెండో రకం మీటరుకు కలిపితే, ఒత్తిడి సున్నా అయినా ముల్లు చివరిదాకా వెళ్ళి నిలబడుతుంది. బేరింగులు అరిగిపోతున్నా మీరు నిశ్చింతగా నడుపుతుంటారు.

సెండరు మర కూడా చూసుకోవాలి. అంగుళంలో ఎనిమిదో వంతు సైజులోనే అమెరికా మరకు అంగుళానికి 27 చుట్లు, బ్రిటిష్ మరకు 28. ఒకటి రెండు చుట్లు తేలిగ్గా ఎక్కి తర్వాత బిగుసుకుంటే ఆపేయండి, స్పానరుతో బలవంతం చేస్తే బ్లాకు మర పోతుంది. ఒకే వైరున్న సెండరుకు ఎర్తు ఆ మర ద్వారానే అందాలి కాబట్టి టెఫ్లాన్ టేపు మందంగా చుట్టొద్దు. లైటు స్విచ్చి తీసేయకుండా టీ ముక్క పెట్టించి రెండూ ఉంచుకోండి.

గీతలు 0 నుంచి 7 కిలోల దాకా, అంటే దాదాపు 100 పౌండ్ల దాకా ఉంటే చాలు. మరీ పెద్ద స్కేలైతే ఐడ్లింగులో ముల్లు అడుగునే ఉండి తేడా కనిపించదు. వేడెక్కిన ఇంజను నిమిషానికి తిరిగే ప్రతి 1000 చుట్లకు 10 పౌండ్లు ఉండాలన్నది షెడ్డు లెక్క. మీ బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం.

ముల్లు ఎప్పుడూ ఉండే చోటునుంచి హఠాత్తుగా దిగితే వెంటనే ఇంజను ఆపి డిప్‌స్టిక్ చూడండి. ఆయిలు సరిపడా ఉన్నా ముల్లు లేవకపోతే నడపకుండా కట్టి లాక్కురండి. ఇంజను విప్పించే ముందు మాత్రం షెడ్డులో పైపు మీటరు ఒకసారి తగిలించి చూడమనండి. చెడింది సెండరొక్కటే కావచ్చు.